సేవ చేసే చేతులు, లెక్క రాసే చేతులు

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించారని బడిపిల్లలకూ తెలుసు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో పెళ్లివంట ఎవరు చేశారన్నది మాత్రం అంతగా చెప్పుకోం. వెలి వేస్తారన్న భయంతో వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు మానుకున్నారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నీళ్లు మోసుకొచ్చి వండి వడ్డించారు. పెళ్లికూతురిని తీసుకురావడం దగ్గర్నుంచి పందిట్లో కాపలా దాకా శిష్యులు చూసుకున్నారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో ఆదుకున్నారు. తెలుగునాట సేవాసంఘాల చరిత్ర రాయాలంటే ఉపన్యాసాలతో కాక ఆ వంటింటితో మొదలుపెట్టాలి. అక్కడ ఆశయం ఒకరిది, సొమ్ము ఇంకొకరిది, చాకిరీ మరికొందరిది. ఈ మూడింటినీ కలిపి పట్టుకునే ఏర్పాటు ఉన్నంతకాలం సంస్థ నిలిచింది, లేనిచోట మొదలుపెట్టిన మనిషితోనే పోయింది.

పంతులుగారు ఆ ఏర్పాటు కూడా చేసిపోయారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, తన యావదాస్తీ దానికి రాసిచ్చారు. పంతులుగారు 1919లో పోయినా సమాజం పోలేదు. ఆస్తి వ్యక్తి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద ఉండటం అప్పటికి మనకు కొత్త సంగతే. సత్రాలకు, గుళ్లకు మాన్యాలు రాసే అలవాటు తరతరాలుగా ఉంది. కానీ ఏడుగురు మామూలు మనుషులు కూర్చుని, ఆశయాలు కాగితం మీద పెట్టి, కార్యవర్గాన్ని ఎన్నుకుని, ఏటా లెక్క చెప్పుకునే పద్ధతి 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంతో వచ్చింది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, సర్వసభ్య సమావేశం అన్నీ ఆ అచ్చులోంచి వచ్చినవే. ఈనాటికీ ఏ సంఘం మినిట్స్ పుస్తకం తెరిచినా మొదటి పంక్తి దాదాపు ఒకేలా ఉంటుంది: గత సమావేశపు తీర్మానాలు చదివి ఆమోదించడమైనది. దాని కింద వంకర టింకర సంతకాలు, ఒకటి రెండు వేలిముద్రలు. కొందరికి అది తంతుగా కనిపిస్తుంది. పదిమంది సొమ్ము మీద ఏ ఒక్కరి పెత్తనమూ సాగకుండా ఆ పంక్తే అడ్డుపడుతుందని నా నమ్మకం.

ఆ పద్ధతి పల్లెల దాకా పోయింది గ్రంథాలయాల వల్ల. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి అనే ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయం తెరిచారు. 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిశాయి. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 శాసించిన నిజాం రాజ్యంలో నలుగురు తెలుగువాళ్లు ఒకచోట కూర్చోవడానికి గ్రంథాలయమే చోటైంది. అక్కడ కార్యదర్శిగా ఉండటమంటే పుస్తకాలతో పాటు పోలీసుల చూపునూ భరించడం.

కోస్తాలో 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన సభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దేశంలో గ్రంథాలయాలన్నీ కలిసి ఏర్పరుచుకున్న తొలి సంఘాల్లో అది ఒకటి. దానికి ప్రాణం పోసింది అయ్యంకి వెంకటరమణయ్య. ఆయన గొప్పతనం ఎక్కడుందంటే, ఊరికొక గ్రంథాలయం పెట్టండని పిలుపిచ్చి ఊరుకోలేదు. పెట్టినవాళ్లకు తర్వాత ఏం చేయాలో చెప్పే ఒక కేంద్రాన్ని నిలబెట్టారు. పుస్తకాల జాబితా ఎలా రాయాలి, అరువు పుస్తకం ఎలా ఉంచాలి, చందా ఎలా వసూలు చేయాలి అన్నవి పల్లెటూరి కుర్రవాడికి పుట్టుకతో రావు. అందుకే ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక నడిచింది, కార్యకర్తలకు శిక్షణ తరగతులు జరిగాయి, ఊరూరా తిరిగే గ్రంథాలయ యాత్రలు సాగాయి. తర్వాతి కాలంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఏళ్ల తరబడి ఆ సంఘానికి పెద్దదిక్కుగా నిలిచి వయోజన విద్యను కూడా దానికి జోడించారు. చిన్న సంస్థలను ఆదుకోవడానికే ఒక సంస్థ ఉండాలన్న ఆలోచనను ఈ రోజు పెద్ద పెద్ద ఫౌండేషన్లు కొత్త పాఠంలా చెబుతున్నాయి. మనవాళ్లు దాన్ని నూరేళ్ల కిందటే ఆచరణలో పెట్టారు.

గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం చేసిన పని ఇంకా ముచ్చటైనది. గ్రంథాలయానికి రాలేనివాళ్ల దగ్గరికి గ్రంథాలయమే వెళ్లాలని 1935లో పుస్తకాలను పడవలోకి ఎక్కించారు. పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద ఆ పడవ తిరిగేది. గట్టున ఉన్న ఊళ్లవాళ్లు వచ్చి చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది పట్టుకెళ్లేవారు. తలచుకుంటే ఎంతో అందంగా ఉంటుంది. కానీ పడవను నడిపించాలి, పుస్తకం తడవకుండా చూడాలి, ఎవరు ఏది తీసుకెళ్లారో రాసుకోవాలి, తిరిగి ఆ రేవుకు చెప్పిన రోజున రావాలి. చెప్పిన రోజున రాకపోతే రెండో వారం గట్టు మీద ఎవరూ నిలబడరు. స్వచ్ఛంద సేవలో కష్టమంతా ఆ క్రమం తప్పకపోవడంలో ఉంది. మొదటిరోజు ఉత్సాహానికి మన దేశంలో ఎప్పుడూ కొదవ లేదు.

ఉత్సాహాన్ని క్రమంలో పెట్టడానికి ఇదే కాలంలో జరిగిన మరో పెద్ద ప్రయత్నం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. గాంధీజీని చూడటానికి జనం లక్షల్లో విరుచుకుపడ్డారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమతో రామదండు వాలంటీర్లు ఆ జనసముద్రాన్ని అదుపులో పెట్టారు. వాళ్లకు ముందుగా తర్ఫీదు ఉంది, ఆజ్ఞ ఇచ్చేదెవరో, వినేదెవరో తెలుసు. ఆ తర్వాత చీరాల పేరాలలో పురపాలక సంఘాన్ని వద్దంటూ పదమూడు వేల పైచిలుకు జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరులో కాపురం పెట్టారు. ఎండకూ వానకూ ఓర్చి నెలల తరబడి నిలిచారు. గోపాలకృష్ణయ్యను జైలుకు పంపాక ఆ ఉద్యమం కుంగిపోయింది, జనం తిరిగి ఇళ్లకు చేరారు. సర్కారు నిర్బంధం, డబ్బు కొరత కూడా కారణాలే, కాదనను. కానీ నాయకుడు లేని రోజున పగ్గాలు అందుకునే రెండో వరుస లేకపోవడమే ప్రధాన కారణమని ఆ చరిత్ర చదివినప్పుడల్లా అనిపిస్తుంది. మన సంఘాల్లో ఎన్నింటికో ఇదే గతి పట్టింది. వ్యవస్థాపకుడే కార్యదర్శి, ఆయనే కోశాధికారి, ఆయన సంచిలోనే రసీదు పుస్తకం.

1923 చివర కాకినాడ కాంగ్రెస్ నాటికి వద్దాం. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపవద్దని చెప్పి ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయిని నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టిక్కెట్టు లేదు. పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి మందలిస్తే, మీరు చెప్పిన పనే చేశానంది. టిక్కెట్టు కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లారు, ఆ అమ్మాయి కర్తవ్య నిష్ఠను మెచ్చుకున్నారు. ఈ కథను ఆమె ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకుంటూ వస్తున్నాం. నాకు ఇందులో నిర్వాహకుల ప్రవర్తన కూడా ముఖ్యంగానే తోస్తుంది. ఒక నియమం పెట్టి, దాన్ని అమలు చేయమని వాలంటీరుకు అప్పగించి, పెద్దమనిషి రాగానే ఆ వాలంటీరునే కసురుకున్నారు. జాతర్లలో, వైద్య శిబిరాల్లో, వరద సహాయ కేంద్రాల్లో ఈ దృశ్యం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. అలా ఒకసారి కసురు తిన్న కుర్రవాడు రెండోసారి రాడు.

దుర్గాబాయి మాత్రం జీవితమంతా సంఘాలతోనే గడిపారు. అంతకుముందే కాకినాడలో ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. చదువు మధ్యలో ఆగిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం ఆ సభ తొలినాటి పనుల్లో ఒకటి. తర్వాత అది మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఆసుపత్రులు, కళాశాలలు, నర్సింగ్ శిక్షణ దాకా పెరిగింది. చందాల కోసం గడప గడపా ఎక్కిన అనుభవంతోనే ఆమె ప్రణాళికా సంఘంలోకి వెళ్లారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. దాన్ని పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమే, ప్రధానమంత్రి నెహ్రూయే. కాకినాడ ద్వారం దగ్గరి సంఘటనకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండబోతున్నాయి.

బోర్డు నిర్మాణంలో ఆమె ముద్ర స్పష్టంగా ఉంది. సర్కారు సొమ్మును గుమాస్తాల చేత కాకుండా అనుభవమున్న సంఘ సేవకుల చేత, అందులోనూ స్త్రీల చేత పంపిణీ చేయించాలన్నది ఆలోచన. గ్రాంటు తీసుకునే సంస్థ తన వంతు కూడా సమకూర్చుకోవాలి. 1958లో వచ్చిన సంక్షిప్త విద్యా కోర్సుల వల్ల బడి మానేసిన స్త్రీలు రెండేళ్లలో పరీక్ష గట్టెక్కి నర్సులు, గ్రామసేవికలు, టీచర్లు కాగలిగారు. ఇది మద్రాసు అనుభవమే దేశం మీదికి విస్తరించినట్టు. లోపాలు లేవని కాదు. గ్రాంటు ఆలస్యమైతే చిన్న సంస్థ జీతాలు ఆగేవి. తన వంతు సమకూర్చుకోలేని మారుమూల సంస్థకు ఆ నియమమే అడ్డంకి అయ్యేది. అయినా ఆ బోర్డు ఉన్నంతకాలం ఒక మహిళా మండలి కార్యదర్శికి తన గోడు చెప్పుకునే తలుపు ఒకటి ఉండేది. 2022లో కేంద్రం ఆ బోర్డును మూసేసింది. ఆ వార్త మన పత్రికల్లో ఒక మూలన వచ్చి పోవడం నాకు చాలా బాధ కలిగించింది.

గ్రంథాలయాల సంగతి ఈలోగా మరో దారి పట్టింది. 1948 మద్రాసు చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టంతో ఆస్తిపన్ను మీద గ్రంథాలయ పన్ను వచ్చింది. ఇప్పుడది రూపాయికి ఎనిమిది పైసలు. అయ్యంకి తరం కోరుకున్నది ఇదే, చందాలు అడుక్కునే బాధ తప్పాలని. తప్పింది కూడా. కానీ గ్రంథాలయం సర్కారుదైన చోట ఊరివాళ్లు మెల్లగా పక్కకు తప్పుకున్నారు. స్థానిక సంస్థలు పన్నయితే వసూలు చేసి, గ్రంథాలయ సంస్థలకు జమ చేయడం లేదన్న ఫిర్యాదు దశాబ్దాలుగా వింటున్నదే. అడగడానికి ఊళ్లో సంఘం ఉండి ఉంటే ఆ బకాయి అన్నేళ్లు పేరుకునేదా అని అనుమానం.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మరో మలుపు. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ విపత్తుకు దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ సంస్థలు తరలివచ్చాయి. శవాలను ఎత్తి దహనం చేసిన వాలంటీర్లలో విద్యార్థులున్నారు. ఇళ్లు కట్టడానికి వచ్చిన డబ్బు ఇళ్లతో ఆగలేదు, పూర్తికాలం జీతంతో పనిచేసే కార్యకర్తలను కూడా తయారుచేసింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1969లో, అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టారు. ఒక్కో బిడ్డకు ఒక్కో దాత నెలనెలా కొంత పంపే పద్ధతి వల్ల దానికి ఏళ్ల తరబడి నిలకడైన ఆదాయం దొరికింది. బత్తలపల్లి వంటి చోట ఆసుపత్రి నడవగలిగిందంటే ఆ నిలకడే కారణం. ఒకసారి ఇచ్చే పెద్ద విరాళం భవనం కడుతుంది. ఆ భవనంలో డాక్టరు ఉండాలంటే నెలనెలా వచ్చే చిన్న మొత్తమే దిక్కు. ఆ సంస్థే ఊళ్లలో హుండీలు పెట్టి, సాయం పొందిన కుటుంబాల చేత కూడా ఇప్పించడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

విదేశీ సొమ్ము పెరిగేకొద్దీ కట్టుబాట్లూ పెరిగాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో అత్యవసర పరిస్థితి నాడు పుట్టింది, 2010లో మారింది, 2020లో ఇంకా బిగిసింది. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. విదేశీ విరాళమంతా ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలోకే రావాలి. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. దుర్వినియోగం జరగలేదని ఎవరూ అనరు, లెక్క అడగడం తప్పూ కాదు. కానీ ఆ చివరి నియమం అయ్యంకి నేర్పిన పద్ధతికే గండి కొట్టింది. పెద్ద సంస్థ విదేశీ విరాళం తెచ్చి, ఇంగ్లీషు దరఖాస్తు రాయలేని మారుమూల సంఘానికి కొంత పంచి, లెక్క రాయడం నేర్పే దారి దాంతో మూసుకుపోయింది.

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలంది. డబ్బయితే వచ్చింది, ఎక్కువగా పథకాలకు. ట్యాబులు, మరుగుదొడ్లు, బెంచీలు ఫొటోలో కనబడతాయి. ఆడిటరు ఫీజు, ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం కనబడవు. ‘నా డబ్బంతా పేదలకే చేరాలి’ అని దాత గర్వంగా చెబుతాడు. ఆ డబ్బు పేదల దాకా చేరవేసే మనిషి ఏం తిని బతకాలో మాత్రం అడగడు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో సొంత సొసైటీల చట్టం వచ్చాక జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఏటా సభ్యుల జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. అది చేసే మనిషి లేక, ఊళ్లో బ్రహ్మాండంగా పనిచేస్తున్న సంఘాలు కూడా కాగితాల మీద చచ్చిపోయి ఉంటాయి. అలాంటి సంఘం రేపు బ్యాంకు ఖాతా సంతకాలు మార్చుకోవాలన్నా, గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలన్నా దారి దొరకదు.

ఈ సంఘాలకు సాయం చేయాలనుకునే తెలుగువాళ్లు, ఇక్కడివాళ్లయినా అమెరికాలో ఉన్నవాళ్లయినా, మరో భవనానికి శంకుస్థాపన చేసే ముందు ఒక్క పని చేయవచ్చు. మండలంలో ఉన్న పది చిన్న సంఘాలకు కలిపి ఒక లెక్కల మనిషిని పెట్టి, మూడేళ్ల జీతం ముందుగా హామీ ఇవ్వడం. నెలలో రెండు మూడు రోజులు ఒక్కో సంఘానికి వెళ్లి రసీదులు సరిచూసి, మినిట్స్ రాయించి, ఏడాది చివర రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాలు దాఖలు చేసి, ఆ పని ఊళ్లో ఒక యువకుడికో యువతికో నేర్పి రావాలి. రిబ్బను కత్తిరించడానికి అందులో ఏమీ ఉండదు. నాలుగో ఏటికి ఆ పది సంఘాల్లో ఎన్ని తమ లెక్క తామే రాసుకుంటున్నాయో చూస్తే, పెట్టిన డబ్బుకు ఫలితం తెలిసిపోతుంది.