కాటన్ క్లబ్: జాజ్ వెనక దొంగ బీరు

డ్యూక్ ఎలింగ్టన్ సంగీతం నాకు అమెరికా వచ్చాకే పరిచయమైంది. ఆయనకి పేరు తెచ్చిన చోటు ఓ ముఠా నాయకుడి దుకాణమని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

న్యూయార్కులోని హార్లెంలో, లెనాక్స్ ఎవెన్యూ, 142వ వీధి మూలన బాక్సర్ జాక్ జాన్సన్ 1920లో క్లబ్ డీలక్స్ పెట్టాడు. అమెరికాలో మద్యనిషేధం మొదలైందీ ఆ ఏడే. 1923లో ఓనీ మాడెన్ దాన్ని చేజిక్కించుకుని కాటన్ క్లబ్ అన్నాడు. హత్య కేసులో సింగ్ సింగ్ జైల్లో ఉండి, ఆ ఏడాదే పెరోల్ మీద బయటికొచ్చినవాడు. అతనికి కావలసింది సంగీతం కాదు, తన దొంగ బీరుకి గిరాకీ. కాచేదీ తనే, అమ్మించేదీ తనే. 1925లో అధికారులు క్లబ్బు మూయించారు. కొన్నాళ్ళకే మళ్ళీ తెరుచుకుంది.

వేదిక మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర తెల్లవాళ్ళు. అదీ నల్లవాళ్ళ పేటలో! మనబోటి చామనఛాయ వాళ్ళని గుమ్మం దగ్గర ఏమనేవారో!

ఎలింగ్టన్ 1927 డిసెంబరులో చేరారు. ఫిలడెల్ఫియాలో ఆయనకి అప్పటికే ఒప్పందం ఉంటే, మాడెన్ మనుషులు అక్కడి యజమానిని బెదిరించి విడిపించారని చెప్పుకుంటారు. క్లబ్బు నుంచి వెళ్ళిన రేడియో ప్రసారాలే ఆయన్ని దేశమంతటికీ వినిపించాయి. ఆ రికార్డులు ఇప్పటికీ వింటాను, కాస్త ఇబ్బందిపడుతూనే.

1933లో నిషేధం పోయింది. 1935 హార్లెం అల్లర్ల తర్వాత క్లబ్బు బ్రాడ్‌వేకి మారి, 1940లో మూతబడింది. మాడెన్ అప్పటికే ఆర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌లో స్థిరపడ్డాడు. 1965లో అక్కడే జబ్బుచేసి పోయాడు.