త్రిభుజములతో కొలిచిన దేశము

భూగోళ పాఠమున విద్యార్థి పటముపై స్కేలునుంచి రెండు పట్టణముల నడిమి దూరమును క్షణములో చెప్పగలుగుట వెనుక, ఎండవానలకును అడవిజ్వరములకును ఓర్చి నేలను కొలిచినవారి మహాపరిశ్రమ యొకటి కలదు. 1802 ఏప్రిల్‌లో సర్వేయరైన విలియం లాంబ్టన్ మద్రాసు చెంతనున్న సెయింట్ థామస్ మౌంటు కడ దాదాపు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలువ నారంభించెను. ఒక భుజమును, దాని రెండు కొనలయందలి కోణములను ఎరిగినచో తక్కిన భుజములు గణితముననే తేలును. అట్లు తేలిన భుజమే మరియొక త్రిభుజమునకు ఆధారమగును. ఈ విధముగా కొండ నుండి కొండకు, కొండలు లేనిచోట ఆలయ గోపురములకు త్రిభుజమాల సాగిపోయెను. 1808లో కోణములను కొలుచు, అర టన్ను బరువుగల థియోడొలైటు యంత్రమును తంజావూరు బృహదీశ్వరాలయముపైకి ఎక్కించుచుండగా త్రాడు తెగి, అది గోడకు కొట్టుకొని చెడిపోగా, లాంబ్టన్ వారములకొలది శ్రమించి స్వహస్తములతో దానిని బాగుచేసెను. ఆ దీక్షను తలచినపుడెల్ల చేతులు జోడింపవలెననిపించును. ఆయన అనుచరుడైన జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో విషజ్వరము పాలయ్యెను. జెండాలు మోసిన, గొలుసులు లాగిన మనదేశపు కూలీల పేర్లు మాత్రము ఏ పటముపైనను లేవు. ఇది తీరని లోపము. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ కడ, పని ముగియకమునుపే కన్నుమూసెను. ఉపాధ్యాయులారా, పటమును గోడకు వ్రేలాడదీయుటకు ముందు, పిల్లలచే బడి ఆవరణమునైనను ఒకమారు కొలిపింపుడు.