దొరల పద్దులో దేవుడి కొలువు

యెరూషలేము దేవాలయంలో ప్రధాన యాజకుడు పండుగనాడు తొడుక్కునే వస్త్రాలు కొంతకాలం ఆయన దగ్గర ఉండేవి కావు. గుడిని ఆనుకుని ఉన్న ఆంటోనియా కోటలో, రోమా సైనికుల కాపలాలో ఉండేవి. పండుగకు ఏడు రోజుల ముందు కోట అధికారి వాటిని బయటికి ఇచ్చేవాడు. పండుగ కాగానే మళ్లీ తీసుకునేవాడు. రోమా వాడికి ఆ దేవుడితో పని లేదు, శాస్త్రచర్చతో అంతకన్నా లేదు. వస్త్రాల పెట్టె చేతిలో ఉంటే చాలు, యాజకుడు మాట వింటాడు. ఆ కాలపు యూదు సమాజం గురించి చదివేటప్పుడు సద్దూకయ్యులు, పరిసయ్యులు, ఎస్సేనీయులు అంటూ వాళ్ల నమ్మకాల పట్టిక వల్లె వేస్తాం. పునరుత్థానాన్ని ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అని. నా లెక్కలో అంతకన్నా పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది: ఏ వర్గం బతుకు ఎక్కడ ఆనుకుని ఉంది, గుడి పెట్టె మీదా, గుడి బయటా? ఈ ప్రశ్నకు యూదయ దాకా పోనక్కరలేదు. తిరుపతి చరిత్రలో దీనికి జవాబు వెతుక్కోవచ్చు.

తిరుమల కొలువు ఏనాడూ ఒకరి చేతి పని కాదు. తెల్లవారుజామున సన్నిధి గొల్ల వెళ్లి అర్చకుణ్ణి ఇంటినుంచి పిలుచుకొస్తాడు. దివిటీ అతనిది, కుంచెకోల అర్చకుడిది. లోపల పూజ వైఖానస అర్చకుల సొత్తు. తోమాలసేవకు పూలమాలలు తెచ్చి అందించేది మఠాధిపతులైన జియ్యంగార్లు, తీసుకుని స్వామికి సమర్పించేది అర్చకుడు. రాత్రి ఏకాంతసేవలో లాలి తాళ్లపాక వారిది, హారతి తరిగొండ వారిది. ఈ ముత్యాల హారతి సంగతి ఒకసారి ఆలోచించండి. తరిగొండ వెంగమాంబ 1817లో పోయింది. ఏ మిరాశీ (వంశపారంపర్య కొలువు హక్కు) లేని ఒక వితంతువు పేరు రాత్రి సేవలో నిలిచిపోయింది. అంటే ఈ ఏర్పాటులో కొత్తవాళ్లకు చోటు దొరికే సందు అప్పటిదాకా ఉందన్నమాట. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాడుకే చెప్పేది. తగవు వస్తే రాజో, ఆచార్యుడో తీర్చేవాడు.

ఈస్టిండియా కంపెనీ వచ్చాక తీర్పు చెప్పేది కాగితం అయింది. ఆర్కాటు నవాబు అప్పులకింద గుడి రాబడిని ముందే కంపెనీకి హామీ పెట్టి ఉన్నాడు. 1801లో ఆర్కాటు సీమ మొత్తం కంపెనీకి దఖలుపడింది. 1803లో కలెక్టరు స్ట్రాటన్ గుడి రాబడి, సేవలు, సిబ్బంది వివరాలతో నివేదిక పంపాడు. తరవాత సవాల్-ఎ-జవాబ్ పట్టీ వచ్చింది. పేరులోనే ఉంది, కచేరీ సవాలు వేస్తే కొలువువాళ్లు జవాబు చెప్పాలి. 1821లో కంపెనీ అధికారి బ్రూస్ పేరిట 42 నిబంధనల కోడ్ తయారయింది. కంపెనీ పూజలో వేలు పెట్టలేదని దాన్ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. నిజమే, పెట్టలేదు. కానీ ఎవరి హక్కు ఏమిటో చెప్పమని అడిగి రాసుకోవడం చిన్న జోక్యం కాదు. రాసుకున్నాక వాడుక హక్కయింది, హక్కుకు హద్దు వచ్చింది, హద్దు దాటితే వ్యాజ్యం వచ్చింది. పేష్కార్, దిట్టం అనే మాటలు కొండమీద ఇప్పటికీ రోజూ వినిపిస్తాయి. ఆ కచేరీ భాష ప్రసాదం పోటు దాకా ఇంకింది.

1843లో కంపెనీ తప్పుకుంది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన లెక్కలు చూడటమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గొడవ చేశారు. మరి గుడి ఎవరికి అప్పగించాలి? అర్చకులకు కాదు, జియ్యంగార్లకు కాదు, ఆచార్య కుటుంబమైన తాతాచార్యులకూ కాదు. హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు. ఉత్తరాది సాధువుల మఠం అది. వైష్ణవుల్లోని వడగలై, తెంగలై శాఖల తగవులో దానికి పక్షం లేదు, స్థానికంగా బంధుబలగం లేదు. సరిగ్గా ఆ కారణంగానే ఎంచుకున్నారని నా ఊహ. రోమా అండతో యూదయను ఏలిన హేరోదు రాజు కూడా అదే పని చేశాడు: ప్రధాన యాజకత్వానికి బబులోను నుంచి అననేలును, అలెగ్జాండ్రియా మూలాలున్న బోయెతు కుటుంబంవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. ఊళ్లో వేళ్లు లేనివాడు నాటినవాడికే కట్టుబడి ఉంటాడు. తరవాత రోమా అధిపతి గ్రాతు తన పదకొండేళ్లలో వరసగా నలుగురిని నియమించాడు. వాళ్లలో చివరివాడు కయప. తిరుపతిలో ఇంత తరచుగా మార్చలేదు. సేవాదాసు నుంచి ప్రయాగదాసు దాకా ఆరుగురు మహంతులు 1933 వరకూ నడిపారు. ఆ కాలమంతా కోర్టు కాగితాలే.

ఈ పోలిక అతికినట్టుందని అనేవాళ్లుంటారు. పరిసయ్యులు పుట్టుకతో వచ్చే వర్గం కాదు, ఇష్టపడి చేరేది. ఆరు వేలకు పైగా ఉండేవాళ్లని ఆనాటి యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. మన మిరాశీదార్లేమో కుటుంబాలు. ఒప్పుకుంటాను. పోలిక సద్దూకయ్యులతో పెట్టుకుంటే సరిపోతుంది, వాళ్లలో యాజక కుటుంబాలే పెద్దలు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: అక్కడ క్రీ.శ. 66లో తిరుగుబాటు లేచింది, ఇక్కడ గుడి పేరిట కత్తి దూసినవాడు లేడు. 1804లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు గానీ అది పాలెం కోసం, గోవిందుడి కోసం కాదు. ఈ తేడాకు కారణం శాంతస్వభావం అని నేననుకోను. యూదులకు గుడి ఒక్కటే, అందులో రోమా చెయ్యి పడితే జాతి మొత్తం మీద పడినట్టు. ఇక్కడ గుళ్లు వేలు. కొండమీది కష్టం కొండమీది కుటుంబాలదే అయింది, జనానిది కాలేదు.

తేడా తేలేది చివర్లో. క్రీ.శ. 70లో యెరూషలేము గుడి కాలిపోయాక సద్దూకయ్యులు చరిత్రలోంచి మాయమయ్యారు. వాళ్ల ఆస్తి అంతా ఆ గోడల మధ్య ఉంది. పరిసయ్యుల చదువు, సమాజమందిరం గుడి బయట ఉన్నాయి, కాబట్టి యబ్నె పట్టణంలో మళ్లీ మొదలుపెట్టగలిగారు. ఇక్కడ గుడి నిలిచింది, పద్దు మారింది. పైదిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు అర్చక కుటుంబాల మిరాశీ 1987 చట్టంతో రద్దయింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది: అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారం, అర్చన మాత్రం మతవిషయం అని. కంపెనీ కాగితం మీద గట్టిపడ్డ హక్కు కాబట్టి మరో కాగితంతో పోయింది. పోకుండా మిగిలింది కాగితం మీద లేనిదే. వైఖానస ఆగమం చేతి ముద్రల్లో, నోటి మంత్రంలో ఉంది. దాన్ని ఏ ప్రభుత్వమూ మరొకరికి బదిలీ చేయలేకపోయింది. 2007లో చట్టాన్ని కొంత సడలించాల్సి వచ్చింది. జీతగాడైనా సరే, గర్భాలయంలో ఆ పని చేయడానికి తెలిసినవాడే కావాలి మరి.