పచ్చళ్ల ఎగుమతి: వ్యాపారం ఎవరి పేరున ఉంది?

తెనాలి దగ్గర మా మేనమామకు చిన్న పచ్చళ్ల యూనిట్ ఉంది. అమెరికా పంపే సరుకుకు ఇక్కడ న్యూజెర్సీ నుంచి నేను సాయం చేస్తుంటాను. ఇంట్లో ఇలాంటి వ్యాపారం ఉన్నవాళ్లు మనలో చాలామందే కాబట్టి రాస్తున్నాను.

యూనిట్ మావయ్య ఒక్కడి పేరున ఉండేది. దాని మేలు దానికుంది. నూనె రేటు ఎంత పెరిగినా చవక నూనె కలపనిచ్చేవాడు కాదు, సీసా మీద ఉన్నది తన పేరు కదా! చిక్కల్లా ప్రతి నిర్ణయమూ ఆయన దగ్గరే ఆగడం. మెయిళ్లు రాసేది కూతురు. కొనేవాళ్లు ధర అడిగితే మాత్రం, "రేటు నేను చెప్పాలి అల్లుడూ, ఆగు" అనేవాడు. మామిడికాయ సీజన్‌లో ఆ "ఆగు" వారం పట్టేది.

2022 చివర్లో ఆయన ఆస్పత్రి పాలయ్యాడు. అమెరికాకు ఆహారం పంపే యూనిట్లు ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్‌ను ప్రతి సరి సంవత్సరం అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు రెన్యువల్ చేయించాలి. లాగిన్ ఆయన ఒక్కడికే తెలుసు. యూఎస్ ఏజెంటుగా నా పేరే ఉంది, నేనూ పట్టించుకోలేదు. జనవరిలో సరుకు పోర్టులో ఆగిపోయింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం అప్పుడే అర్థమైంది. ఎగుమతికి కావలసిన ఐఈసీ నంబరు ఇప్పుడు పాన్ నంబరే. సొంత పేరున నడిపే వ్యాపారంలో అది యజమాని పాన్. ఆయనకు ఏమైనా అయితే వారసులు తమ పాన్ మీద కొత్త ఐఈసీ, కొత్త జీఎస్టీ తీసుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు వారసుల కోసం మూడు నెలలే నిలుస్తుంది. ఇద్దరే ఉన్న భాగస్వామ్యంలోనూ ఒకరు పోతే సంస్థ ముగిసినట్టే. ఎల్‌ఎల్‌పీకి సొంత పాన్ ఉంటుంది, భాగస్వామి మారినా అది మారదు.

అందుకే ఎల్‌ఎల్‌పీగా మార్చాం. యజమాని మారితే పాత ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్ 60 రోజుల్లో రద్దు చేసి కొత్తది చేయించాలి, అదీ అయింది. ఏటా ఏప్రిల్-జూన్‌లో ఐఈసీ వివరాలు ఆన్‌లైన్‌లో సరిచూడాలి. మార్పేమీ లేకపోయినా తప్పదు, లేకపోతే నంబరు పనిచేయకుండా పోతుంది. ఆ పని, అమెరికా ధరలు ఇప్పుడు కూతురు చూస్తోంది. ఆవకాయ కలిపే రోజున మాత్రం మావయ్య ఎవరి మాటా వినడు.