చేతి గేమ్ యంత్రంపై సొంత ప్రోగ్రాంలు: పి.ఎస్.పి. హోమ్‌బ్రూ చరిత్ర

సోనీ కంపెనీ ప్లేస్టేషన్ పోర్టబుల్ అనే చేతి గేమ్ యంత్రాన్ని 2004 డిసెంబర్ 12న జపాన్‌లో విడుదల చేసింది. దీన్నే పి.ఎస్.పి. అంటారు. అమెరికాలో 2005 మార్చిలో, ఐరోపాలో అదే ఏడాది సెప్టెంబర్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. ఆటలు యు.ఎం.డి. అనే చిన్న డిస్కులపై వచ్చేవి. పాటలు, ఫొటోలు, ఆటలో ఎంతవరకు వచ్చామన్న వివరాలు దాచుకోవడానికి వేరుగా మెమరీ స్టిక్ ఉండేది. మనం పరిశీలించే చరిత్ర అంతా ఈ మెమరీ స్టిక్ చుట్టూ తిరుగుతుంది.

యంత్రం తయారుచేసిన కంపెనీ అనుమతి లేకుండా ఔత్సాహికులు సొంతంగా రాసుకునే ప్రోగ్రాంలను హోమ్‌బ్రూ అంటారు. ఇంట్లో కాచుకున్నది అని ఆ మాటకు అర్థం. 1975లో కాలిఫోర్నియాలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ పేరులోనూ ఇదే మాట ఉంది. హోమ్‌బ్రూను దొంగ కాపీలతో కలిపి మాట్లాడటం పరిపాటి. రెండూ ఒకటి కావు, కానీ రెండూ ఒకే తలుపు గుండా లోపలికి వచ్చాయి. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే తరువాతి పరిణామాలు అర్థం కావు.

ఆ తలుపుకు వేసిన తాళం డిజిటల్ సంతకం. కంపెనీ వద్ద మాత్రమే ఉండే రహస్య సంఖ్యతో ప్రతి ప్రోగ్రాంకూ సంతకం చేస్తారు. యంత్రం దాన్ని సరిచూసుకున్నాకే ప్రోగ్రాంను నడుపుతుంది. విచిత్రమేమంటే, జపాన్‌లో తొలుత అమ్మిన యంత్రాల్లోని 1.00 ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్, మెమరీ స్టిక్‌పై ఉన్న ప్రోగ్రాంలకు ఈ తనిఖీ చేయలేదు. అమెరికాకు వెళ్ళిన 1.50లో తనిఖీ చేర్చారు. అదీ ఎంతోకాలం నిలవలేదు. 2005 జూన్‌లో రెండు మెమరీ స్టిక్‌లను సరైన క్షణంలో మార్చి యంత్రాన్ని ఏమార్చే పద్ధతి బయటపడింది. ఆ వెంటనే రెండో స్టిక్ అవసరమే లేని ఉపాయం వచ్చింది. ప్రోగ్రాంను రెండు భాగాలు చేసి, దాదాపు ఒకే పేరున్న రెండు ఫోల్డర్లలో పెట్టి, ఒక పేరు చివర శాతం గుర్తు తగిలిస్తే చాలు.

ఇలా తెరిచిన యంత్రంపై ఏం నడిపారు? పాత గేమ్ యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్లు, పుస్తకాలు చదివే ప్రోగ్రాంలు, 1997లోనే మూల కోడ్ బహిరంగమైన డూమ్ ఆట, లువా భాషలో చిన్న ఆటలు రాసుకునే సాధనం. పి.ఎస్.పి. ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్ వేగం అందుకోగలదు. సోనీ మాత్రం ఆటలను 222 దగ్గర ఆపి, 2007లో వచ్చిన 3.50 ఫర్మ్‌వేర్‌తో గాని పూర్తి వేగం అనుమతించలేదు. ఔత్సాహికులు అప్పటికే ఆ వేగాన్ని వాడుకుంటున్నారు.

2005 జూలైలో జపాన్‌లో, ఆగస్టులో అమెరికాలో 2.00 ఫర్మ్‌వేర్ వచ్చింది. అందులో వెబ్ బ్రౌజర్ ఉంది, పాత ఉపాయాలకు అడ్డుకట్ట కూడా ఉంది. బ్రౌజర్ కావాలంటే హోమ్‌బ్రూ వదులుకోవాలి. తరువాత కొత్త ఆటల డిస్కులే కొత్త ఫర్మ్‌వేర్‌ను వెంట తెచ్చి, అది ఎక్కించుకుంటేనే ఆడనిస్తామన్నాయి. డబ్బిచ్చి కొన్న వస్తువు ఏ పని చేయాలో కొన్న తరువాత కూడా కంపెనీయే నిర్ణయిస్తుందా అనే ప్రశ్న ఇక్కడ సామాన్య వినియోగదారుడి ముందుకు వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం ఇదే. తాళాలు పగలగొట్టిన నేర్పు దీని తరువాతే.

సెప్టెంబర్‌లో టిఫ్ రకం ఫొటో ఫైలును చదివే భాగంలో లోపం దొరికింది. దాని ఆధారంగా 2.00 నుంచి 1.50కు వెనక్కి వెళ్ళే మార్గం తెరుచుకుంది. అక్టోబర్‌లో అలాంటి సాధనంగానే నటిస్తూ ఒక హానికర ప్రోగ్రాం తిరిగింది. నమ్మి నడిపినవారి యంత్రాల్లో ముఖ్యమైన ఫైళ్ళను చెరిపేసి, వాటిని పనికిరాకుండా చేసింది. సంతకం తనిఖీ వినియోగదారుడిని కూడా కాపాడుతుందన్న వాదనకు ఇది గట్టి ఉదాహరణ.

2006లో డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామర్ సవరించిన ఫర్మ్‌వేర్‌లు విడుదల చేయసాగాడు. వీటితో కొత్త సౌకర్యాలు, హోమ్‌బ్రూ రెండూ కలిసి దక్కాయి. డిస్కు కాపీలను మెమరీ స్టిక్ నుంచి ఆడటమూ సులువైంది. ఆటలు తయారుచేసేవారి నష్టం గురించి సోనీ గోల పెట్టడంలో అన్యాయం లేదు. 2007లో 'పండోరా బ్యాటరీ' వచ్చింది. బ్యాటరీ క్రమసంఖ్యను మారిస్తే యంత్రం సర్వీసు స్థితిలో మేల్కొని, మెమరీ స్టిక్ నుంచి మొదలయ్యేది. పాడైపోయిందని పక్కన పడేసిన యంత్రాలు కూడా దీనితో బతికాయి. తరువాతి నమూనాల్లో సోనీ ఈ దారినీ మూసింది.

చట్టం ఈ రెండు వాడకాలను ఎలా చూసింది? అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, కొన్ని మినహాయింపులతో, రక్షణ ఏర్పాటును ఛేదించడాన్నే నిషేధించింది. మన దేశంలో 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఎ సెక్షన్ కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తేనే నేరమంటుంది. రెండేళ్ళ వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఉద్దేశం అన్న ఆ ఒక్క మాటలో హోమ్‌బ్రూకూ దొంగ కాపీకీ మధ్య గీత ఉంది.

2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో, సోనీవారి ప్లేస్టేషన్ 3 సంతకాల్లో ప్రతిసారీ మారవలసిన సంఖ్య మారడం లేదని పరిశోధకులు చూపించారు. పి.ఎస్.పి. ఆటలను నడిపే భాగం ఆ యంత్రంలోనూ ఉండటంతో, కొద్ది వారాల్లోనే పి.ఎస్.పి. రహస్య సంఖ్యలు కూడా బయటపడ్డాయి. 2011 నుంచి ఔత్సాహికులు తమ ప్రోగ్రాంలకు తామే సంతకం చేయసాగారు. ఏ మార్పూ చేయని యంత్రం సైతం వాటిని కంపెనీ ప్రోగ్రాంలుగానే భావించి నడిపింది.