డ్రాగన్ నోట్లోకి తొంగి చూసిన కుర్రాడు

ఈరోజు ముందుగా ఒక జంతువు గురించి చెప్తాను. అదేంటో మీరు గెస్ చేయండి.

పాములాంటి ఒళ్లు, కానీ చాలా పెద్దది. ఏనుగంటే దీనికి పడదు. ఏనుగులు నీళ్లు తాగే చోట కాపు కాస్తుంది. తొండాన్ని చుట్టేసి చెవి మీద కరుస్తుంది, ఎందుకంటే తొండంతో కాపాడుకోలేని చోటు అదొక్కటే. ఏనుగు రక్తం చాలా చల్లగా ఉంటుందట. అందుకే మండు వేసవిలో ఆ రక్తం కోసమే వస్తుందట. రక్తమంతా పోయాక ఏనుగు కూలిపోతుంది. ఆ బరువు కింద నలిగి ఇదీ చస్తుంది. ఇంకోటి, దీని తలలో ఒక మణి ఉంటుంది. అయితే ప్రాణం ఉండగానే తల నరకాలి. లేదంటే అది మణిగా మారదు.

గెస్ చేశారా? డ్రాగన్. ఇది సినిమా కథ కాదు. రోమ్‌లో ప్లినీ అనే పెద్దమనిషి క్రీ.శ. 77 ప్రాంతంలో 37 భాగాలుగా రాసిన ప్రకృతి విజ్ఞాన గ్రంథంలో ఉన్న సమాచారం. మరి ఆ డ్రాగన్లు ఎక్కడ ఉండేవని రాశాడో తెలుసా? మన ఇండియాలో!

తలలో మణి అనగానే మీకు నాగమణి గుర్తొచ్చే ఉంటుంది. చిన్నప్పుడు మా నానమ్మ చెప్పిన పాము కథల్లోనూ మణి ఉండేది. రెండు వేల ఏళ్ల కింద రోమ్‌లో కూర్చున్న మనిషి కూడా దాదాపు అదే రాశాడని తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది.

ఇక్కడ నవ్వేసి ముందుకెళ్లిపోవడం ఈజీ. కానీ ప్లినీ తెలివితక్కువ వాడేం కాదు. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు అందరూ పారిపోతుంటే, ఆయన అటువైపే ఓడలో వెళ్లి అక్కడే చనిపోయాడు. అంత కుతూహలం ఉన్న మనిషి. డ్రాగన్ గురించి రాసిన పద్ధతి చూడండి. ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, శత్రువు ఎవరు, ఎప్పుడు దాడి చేస్తుంది, ఎందుకు చేస్తుంది. ఇప్పటి జువాలజీ పుస్తకంలోనూ ఇవే హెడ్డింగులు ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లాజిక్ బానే రన్ అయింది, ఇన్‌పుట్టే తప్పు. ఆయన ఇండియాకి ఎప్పుడూ రాలేదు. పాత పుస్తకాల్లో ఉన్నది తీసుకుని తన పుస్తకంలో పెట్టాడు. తర్వాతి వాళ్లు ప్లినీ రాశాడు కదా అని తమ పుస్తకాల్లో పెట్టారు. అలా వందల ఏళ్లు నడిచింది.

ఇప్పుడు ఇటలీకి వెళ్దాం. 1572 మే 13. బొలోన్యా ఊరి దగ్గర ఒక పశువుల కాపరి దారిలో వింత జీవిని చూసి కర్రతో కొట్టి చంపాడు. పాములా ఉంది, కానీ రెండు కాళ్లున్నాయి. సరిగ్గా అదే రోజు ఆ ఊరి మనిషే రోమ్‌లో కొత్త పోప్‌గా బాధ్యతలు తీసుకుంటున్నాడు, పదమూడో గ్రెగొరీ. మనం ఇవాళ వాడుతున్న క్యాలెండర్ ఆయన పేరు మీదే ఉంది. ఆయన కుటుంబ చిహ్నం ఏంటో తెలుసా? డ్రాగన్. ఇంకేముంది, ఇది శకునమని జనం గొడవ మొదలుపెట్టారు.

ఆ కళేబరం ఉలిస్సే ఆల్డ్రొవాండి అనే పండితుడి చేతికి వచ్చింది. ఆయన శకునం జోలికి పోకుండా, ఇదొక జంతువు అంతే అని రంగుల్లో బొమ్మ వేయించి వివరాలు రాసుకున్నాడు. ఆయన చనిపోయాక 1640లో పాములు, డ్రాగన్ల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం అచ్చయింది. చూశారా, భయాన్ని పక్కన పెట్టాడు, అది చిన్న విషయం కాదు. కానీ డ్రాగన్ అనే జాతి ఉందన్న నమ్మకాన్ని మాత్రం పక్కన పెట్టలేదు. అన్నాళ్లుగా అన్ని పుస్తకాల్లో ఉన్నది అబద్ధమని ఎలా అనుకుంటాడు?

ఇక అసలు సీన్. 1735, జర్మనీలోని హాంబర్గ్. ఆ ఊరి మేయర్ దగ్గర ఏడు తలల హైడ్రా ఉంది. స్టఫ్ చేసిన నిజం శరీరం. పాము చర్మం, రెండు కాళ్లు, ఏడు మెడలు, ఏడు నోళ్లు. యూరప్ అంతా దాని పేరు మోగిపోతోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సేబా అనే ప్రఖ్యాత కలెక్టర్ అంతకుముందు ఏడాదే తన ఖరీదైన పుస్తకంలో దాని బొమ్మ వేశాడు. ఒకప్పుడు దానికి 10,000 ఫ్లోరిన్ల ధర చెప్పేవాళ్లని అంటారు.

అప్పుడు స్వీడన్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. డాక్టరేట్ కోసం నెదర్లాండ్స్ వెళ్తూ దారిలో ఆగాడు. 28 ఏళ్లు ఇంకా నిండలేదు, అంటే దాదాపు నా వయసే. పేరు కార్ల్ లిన్నేయస్. జంతువులకి, మొక్కలకి రెండు మాటల సైంటిఫిక్ పేరు పెట్టే పద్ధతిని తర్వాత స్థిరపరిచింది ఈయనే.

అందరూ ఏడు తలలు చూసి ఆశ్చర్యపోతుంటే ఈయన నోరు చూశాడు. ఆ దవడలు, పాదాలు పాముజాతివి కావు, వీజిల్‌వి. అది ముంగిసలా కనిపించే చిన్న జంతువు. వాటిని కలిపి, పైన పాము చర్మం అతికించారు. బైబిల్‌లో వచ్చే ఏడు తలల డ్రాగన్‌లా చూపించి జనాన్ని భయపెట్టడానికి ఎవరో సన్యాసులు చేసి ఉంటారని ఆయన అనుకున్నాడు. విషయం బయటికి చెప్పేశాడు. దాంతో హైడ్రా రేటు పడిపోయింది. మేయర్ గారి కోపానికి భయపడి లిన్నేయస్ త్వరత్వరగా ఊరు వదిలేశాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంటుంది.

అదే ఏడాది ఆయన పుస్తకం అచ్చయింది. పట్టుమని పదిహేను పేజీలు లేవు, కానీ ప్రపంచంలోని జీవులన్నిటినీ వరుసలో పెట్టే ప్రయత్నం అది. అందులో హైడ్రా, డ్రాగన్, ఫీనిక్స్ పక్షి లాంటి వాటికి ఒక ప్రత్యేక భాగం పెట్టాడు. అక్కడ ఏది ఎందుకు నమ్మకూడదో రాశాడు. ఉదాహరణకి ఎండబెట్టిన రే చేపని వంచి, కోసి డ్రాగన్‌లా తయారు చేస్తారని చెప్పాడు. ఈ భాగం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

సరే, డ్రాగన్ లేదని తేలింది. కానీ 1910లో ఇండోనేషియాలోని కొమోడో దీవికి ఒక డచ్ అధికారి వెళ్లాడు. అక్కడ పెద్ద మొసలిలాంటి జీవి ఉందని పుకారు. ఒకదాన్ని చంపి, ఫొటో, చర్మం పంపించాడు. 1912లో పీటర్ ఓవెన్స్ దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. అదే కొమోడో డ్రాగన్. దాదాపు మూడు మీటర్ల ఉడుము అనుకోండి. జింకల్ని, పందుల్ని, గేదెల్ని కూడా తింటుంది. పెద్దవి పిల్లల్ని కూడా తినేస్తాయి కాబట్టి పిల్లలు చెట్ల మీద బతుకుతాయి. 2006లో ఇంగ్లాండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే ఆడది మగ తోడే లేకుండా గుడ్లు పెట్టింది. వాటిలోంచి పిల్లలు కూడా వచ్చాయి!

ఇప్పుడు నా సంగతి.

రెండేళ్ల కింద జాబ్ మానేసి ఈ ఛానెల్ పెట్టిన కొత్తలో కొమోడో డ్రాగన్ మీద వీడియో చేశా. మన ఛానెల్‌లో ఇప్పటికీ ఎక్కువమంది చూసింది అదే. అందులో నేను చెప్పిన మెయిన్ పాయింట్, "దీని నోట్లో భయంకరమైన బ్యాక్టీరియా ఉంటుంది, కరిస్తే ఆ కుళ్లుతోనే జంతువు చస్తుంది" అని. థంబ్‌నెయిల్ కూడా అదే.

వెటర్నరీ చదువుతున్న ఒకమ్మాయి కింద కామెంట్ పెట్టింది. "అన్నా, అది పాత మాట. 2009లోనే దీని దవడలో విషగ్రంథులు ఉన్నాయని చూపించారు. 2013లో నోటి బ్యాక్టీరియా టెస్ట్ చేస్తే మిగతా మాంసాహార జంతువుల్లో ఉండేవే ఉన్నాయి. ఒకసారి చూడండి" అంది. నేనేం చేశానో తెలుసా? చూడలేదు. ఆ కామెంట్ హైడ్ చేశా. వ్యూస్ బాగా వస్తున్నాయి, ఇప్పుడెందుకు ఈ గొడవ అనుకున్నా.

ఈ డ్రాగన్ ఎపిసోడ్ రాసుకుంటూ హాంబర్గ్ దగ్గరికి వచ్చాను. లిన్నేయస్ గురించి చాలా హుషారుగా రాస్తున్నా, మనలాంటి కుర్రాడే కదా అని. అప్పుడు ఆ కామెంట్ గుర్తొచ్చింది. ఈ కథలో లిన్నేయస్ ఆ అమ్మాయి. నేను మేయర్‌ని.

ఆ రాత్రి కూర్చుని చదివా. ఆమె చెప్పింది కరెక్టే. విషం ఒక్కటే ఎంతవరకు చంపుతుంది, రంపం లాంటి పళ్లు చేసే గాయం ఎంత అన్నదాని మీద సైంటిస్టుల్లో ఇంకా వాదన ఉంది. కానీ మురికి నోరు కథ మాత్రం నిలబడలేదు. మరి అది ఎలా పుట్టింది? కాటు తిన్న గేదె తప్పించుకుని బురద నీళ్లలో నిలబడుతుంది, పుండు కుళ్లుతుంది. అసలు ఆ దీవులకి గేదెల్ని తెచ్చింది మనుషులే. నీళ్లలోని మురికికి డ్రాగన్ నోటిని తిట్టాం. పుస్తకం నుంచి పుస్తకానికి, వీడియో నుంచి వీడియోకి... నా దాకా వచ్చింది. ప్లినీ చేసిందే నేనూ చేశా. తేడా ఏంటంటే, చెక్ చేసుకోవడానికి ఆయన ఇండియా రావాలి, నాకు ఫోన్‌లో పది నిమిషాలు చాలు.

మొదట వీడియో డిలీట్ చేసేద్దాం అనుకున్నా. అప్పుడు లిన్నేయస్ పుస్తకంలోని ఆ ప్రత్యేక భాగం గుర్తొచ్చింది. ఆయన హైడ్రాని పుస్తకంలోంచి తీసేయలేదు. అక్కడే ఉంచి, ఇది ఎందుకు తప్పో పక్కన రాశాడు. నేను డిలీట్ చేస్తే, నా మాట విని ఇంకొకరికి చెప్పినవాళ్లకి అది తప్పని ఎప్పటికీ తెలియదు.

అందుకే వీడియో అలాగే ఉంది. టైటిల్ మార్చా. ఆ అమ్మాయి కామెంట్ బయటికి తీసి అన్నిటికన్నా పైన పిన్ చేశా, సారీ కూడా చెప్పా. తను ఒక్క మాటే రిప్లై ఇచ్చింది, "పర్లేదు అన్నా, నెక్స్ట్ వీడియో ఎప్పుడు?" అని.

ఇదే ఆ నెక్స్ట్ వీడియో, చెల్లీ. ఇందులో తప్పేమైనా కనిపిస్తే కింద రాయండి, అందరికీ చెప్తున్నా. ఈసారి హైడ్ చేయను. మళ్లీ కలుద్దాం.