నీటిమీద తేలే ఇటుక

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని చూసి వచ్చినవారు ముందుగా నల్లరాతి మదనికలను తలచుకుంటారు. ఆ వెంటనే చెప్పే మాట, శిఖరపు ఇటుక నీటిలో తేలుతుందని. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో నెలకొల్పిన ఈ ఆలయం 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు కూడ ఈ ఇటుక ప్రస్తావన వచ్చింది.

అయితే ‘తేలే ఇటుక’ అన్న పేరు వల్ల అసలు సంగతి మరుగున పడుతున్నదేమో! నీటిలో వేసి చూపడానికి ఎవరూ ఇటుకను కాల్చరు. గర్భాలయం పైని విమానపు భారమంతా కింది ఇసుకరాతి గోడలపైన, ఇసుక నింపిన పునాదిపైన పడుతుంది. ఘన మీటరు ఇసుకరాయి రెండు టన్నులకు పైగా తూగుతుంది. మామూలు ఇటుక ఒకటిన్నర టన్నులకు తగ్గడం అరుదు. నీరు ఒక్క టన్ను. ఇటుక తేలిందంటే దాని బరువు రాతి బరువులో సగమైనా లేదన్నమాట. స్థపతి కోరుకున్నది ఆ తేలికదనాన్నే.

మునిగిన వస్తువు తొలగించిన నీటి బరువెంతో, అంత బలం దానిని పైకి నెడుతుందని క్రీ.పూ. 3వ శతాబ్దిలో ఆర్కిమిడీస్ నిరూపించాడు. గాలికీ ఇదే సూత్రం. హైదరాబాదు నుండి టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు ఎగురవేసే హైడ్రోజన్ బెలూన్లు పైకి లేచేది దీనివల్లనే. మట్టి స్వతహాగా నీటికంటె బరువైనది. దానిని తేల్చేది సూక్ష్మరంధ్రాలలో చిక్కుకున్న గాలి. ఊక కలిపిన మట్టిని కాలిస్తే ఊక బూడిదై, దాని చోట ఖాళీ మిగలడం బట్టీలవారు ఎరిగినదే. ఆ ఖాళీలలోకి నీరు చొరబడితే మాత్రం ఇటుక మునుగుతుంది.

ఈ విషయం పాశ్చాత్యులకూ కొత్త కాదు. స్పెయిన్‌లోను, ఆసియా మైనరులోని పితానేలోను నీట తేలే ఇటుకలు చేసేవారని క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ వాస్తువేత్త విత్రూవియస్ వ్రాశాడు. అక్కడి మట్టి గుల్లది, లోపల గాలి ఉన్నందున తడి చొరదు అని ఆయన చెప్పిన కారణం. అంతమాత్రాన ఆ విద్య ఓరుగల్లు సీమకు అక్కడినుండి వచ్చిందనడం సాహసమే అవుతుంది. తేలికైన కట్టడం అవసరమైనచోట తెలివైన పనివాడు ఎవరైనా ఆ దారి కనుగొనగలడు.

రామప్ప రంగమండపంలో నేడు నేల ఎగుడుదిగుడుగా ఉన్నది. దూలాలు కొన్ని బీటలు వారాయి. దాని వెనుక ఇటుక విమానం నిలిచే ఉన్నది.